లావెండర్‌తో నిద్ర: సీసా కొనడం దగ్గర్నుంచి లైటు ఆర్పే దాకా

లావెండర్ నిద్రమాత్ర కాదు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే డబ్బూ ఆశా రెండూ వృథా కావు. మాత్ర వేసుకుంటే అరగంటలో కళ్లు వాలిపోయినట్టు దీనితో వాలిపోవు. పగలంతా బిగబట్టుకున్న ఒళ్లు కాస్త వదులవుతుంది, తలలో తిరిగే ఆలోచనల జోరు తగ్గుతుంది, నిద్ర దాని దారిన అది వస్తుంది. అదైనా సరైన రకం, అతి కొద్ది మోతాదు, రోజూ ఒకే వేళ, ఈ మూడూ కుదిరితేనే. మన దగ్గర చాలామంది మొదటిదాని దగ్గరే దెబ్బతింటారు. లావెండర్ అని రాసి ఉన్న సెంటు కొని, నాలుగు రోజులు గదంతా గుప్పుమనేలా కొట్టి, తలనొప్పి తెచ్చుకుని మానేస్తారు.

అందుకే ఇక్కడ వాడకం కంటే ముందు కొనడం గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

ఎంతవరకు ఆశించవచ్చు

లావెండర్ నూనెలో ముఖ్యంగా పనిచేసేవి లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే రెండు పదార్థాలు. జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఎలుకలకు లినలూల్ వాసన చూపించారు. వాటిలో బెదురు తగ్గింది. వాసన తెలియకుండా చేసిన ఎలుకల్లో మాత్రం ఏ మార్పూ రాలేదు. అంటే పీల్చిన లావెండర్ ముక్కు నుంచి మెదడుకు వెళ్లే నరాల దారిలోనే పని చేస్తోందన్నమాట. దీన్నిబట్టి మనకు పనికొచ్చే విషయం ఒకటుంది: పడిశం పట్టి ముక్కు మూసుకుపోయిన రాత్రి లావెండర్ పీల్చి లాభం లేదు.

మనుషుల మీద గట్టి పరీక్షలు జరిగింది వాసన మీద కాదు, మింగే క్యాప్సూల్ మీద. జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె క్యాప్సూల్ మందుల షాపుల్లో దొరుకుతుంది. ఆందోళన జబ్బు ఉన్న 77 మందితో జరిగిన ఒక పరీక్ష 2010లో వెలువడింది. ఆరు వారాల పాటు కొందరికి ఈ క్యాప్సూల్, కొందరికి ఆందోళన తగ్గించే లోరజెపామ్ అనే మందు అర మిల్లీగ్రాము ఇస్తే రెండు గుంపుల్లోనూ ఆందోళన ఇంచుమించు ఒకేలా తగ్గింది. అయితే అర మిల్లీగ్రాము లోరజెపామ్ అంటే చిన్న మోతాదే. ఇక వాసన మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి. పైగా, లావెండర్ ఏదో కానిదేదో ముక్కుకు ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి ఉత్తుత్తి మందు పెట్టి పోల్చడం కష్టం. ఐరోపా ఔషధ సంస్థ లావెండర్ పువ్వునూ నూనెనూ తేలికపాటి మానసిక ఒత్తిడికి, నిద్రకు సాయంగా గుర్తించింది. కాకపోతే చిరకాల వాడుకను చూసి ఇచ్చిన గుర్తింపే తప్ప, పరీక్షల్లో రుజువైందని ఇచ్చింది కాదు.

నన్నడిగితే, టెన్షన్‌తో పక్క మీద దొర్లే వాళ్లకు ఇది పనికొస్తుంది. గురకతో ఊపిరి ఆగి మెలకువ వచ్చేవాళ్లకు, కాళ్లు గుంజేవాళ్లకు, నొప్పితో లేచేవాళ్లకు దీంతో ఒరిగేది ఏమీ లేదు.

మొదటి మెట్టు: ఏ లావెండరో తేల్చుకోవడం

లావెండర్ ఒక మొక్క పేరు కాదు, దగ్గరి చుట్టాలైన చాలా మొక్కల పేరు. బజారులో మనకు తగిలేవి నాలుగు.

నిద్రకు కావాల్సింది లావండులా అంగుస్టిఫోలియా. దీన్నే అసలు లావెండర్ అంటారు. ఫ్రాన్స్‌లోని హోట్ ప్రోవాన్స్‌లో 800 మీటర్లకు పైన కొండల మీద పండే ఈ నూనెకు 1981 నుంచి ప్రాంతీయ గుర్తింపు ఉంది. బల్గేరియా కూడా దీన్ని పెద్ద ఎత్తున పండిస్తుంది. మన దేశంలో జమ్మూ కాశ్మీర్‌లోని దోడా జిల్లా భదర్వా కొండల్లో, ఇంతకుముందు మొక్కజొన్న వేసుకునే రైతులు కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నడిపే అరోమా మిషన్ కింద లావెండర్‌కు మారారు. అక్కడ జూన్, జులై నెలల్లో కోత. ఊదా విప్లవం అని పత్రికలు రాసింది దీని గురించే. మన దేశంలోనే మంచి సరుకు దొరుకుతున్నప్పుడు ప్రోవాన్స్ పేరు చూసి రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు.

రెండోది లావండిన్. అసలు లావెండర్‌కూ స్పైక్ లావెండర్‌కూ పుట్టిన సంకరం. నూనె బాగా దిగుతుంది, చవక, సబ్బులకూ డిటర్జెంట్లకూ వాడేది ఇదే. కర్పూరం పాలు ఎక్కువ. మూడోది స్పైక్ లావెండర్. ఇందులో కర్పూరం ఇంకా ఎక్కువ. కర్పూరం మనసును చురుగ్గా చేసేదే కానీ జోకొట్టేది కాదు. పక్క మీదికి దీన్ని తెచ్చుకుంటే వచ్చే నిద్ర కూడా పోతుంది.

నాలుగోది హైదరాబాద్ వాళ్లకు కొత్త కాదు. పాతబస్తీలో యునానీ మందుల దుకాణానికి వెళ్లి ఉస్తుఖుద్దూస్ అని అడిగితే ఎండిన ముదురు రంగు కంకులు పొట్లం కట్టి ఇస్తారు. అది లావండులా స్టోకాస్. త్రిఫలాలతో కలిపి చేసే ఇత్రిఫల్ ఉస్తుఖుద్దూస్ అనే లేహ్యాన్ని హకీములు తలనొప్పికీ పడిశానికీ ఇస్తూ వచ్చారు. లావెండర్ జాతే అయినా దీని నూనెలో కర్పూరం, ఫెంకోన్ ఎక్కువ. ఇది హకీము చెప్పిన మోతాదులో తీసుకోవాల్సిన మందు. లావెండర్ టీ అని దీన్ని కాచుకోకండి.

రెండో మెట్టు: సీసా కొనడం

సీసా మీద లావండులా అంగుస్టిఫోలియా అని మొక్క పూర్తి పేరు ఉండాలి. పండిన దేశం, బ్యాచ్ నంబరు ఉండాలి. ఎసెన్షియల్ ఆయిల్ అని ఉండాలి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్, పెర్ఫ్యూమ్ ఆయిల్, అరోమా ఆయిల్ అని ఉంటే వదిలేయండి. వంద కిలోల తాజా పువ్వును బట్టీ పెడితే దిగే నూనె ఇంచుమించు ఒక కిలో, ఒక్కోసారి అంతకూడా కాదు. కాబట్టి 100 మిల్లీలీటర్ల సీసా రెండు మూడు వందలకే ఇస్తున్నారంటే అందులో ఏముందో వేరే చెప్పనక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల ముదురు రంగు గాజు సీసా కొనుక్కోండి. మీరు వాడే లెక్కకు అది నెలల తరబడి వస్తుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చిచ్చే సీసాల మీద కొన్నిసార్లు 40/42 అని ఉంటుంది. ఏ ఏడు చూసినా ఒకే వాసన వచ్చేలా కలిపి సరిచేసిన నూనె అని దానర్థం. సబ్బులు చేసుకునేవాళ్లకు బాగుంటుంది. నిద్రకు నేనైతే వాడను.

ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. తెల్ల కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి వెంటనే వాసన చూడండి. అసలు లావెండర్‌లో మొదట కాస్త పచ్చి ఆకు వాసన, దాని వెనకే మెత్తటి తీపి తగులుతాయి. హారతి కర్పూరంలా ముక్కు పైభాగానికి సర్రున ఎక్కితే అది లావండినో స్పైకో. గంట తర్వాత మళ్లీ చూడండి. అసలు నూనె వాసన మారుతుంది, తగ్గుతుంది, ఎండుగడ్డి ఛాయ ఒకటి మిగులుతుంది. తయారుచేసిన సెంటు మాత్రం మొదటి నిమిషంలో ఎలా ఉందో మూడో రోజూ అలాగే ఉంటుంది. మర్నాటికి కాగితం మీద జిడ్డు మరక అలాగే ఉంటే అందులో వేరే నూనె కలిసినట్టే. ఇది ల్యాబ్ పరీక్ష కాదు కానీ, పచ్చి మోసాన్ని పట్టిస్తుంది.

లావెండర్ అగరబత్తి మాత్రం ఈ లెక్కలోకి రాదు. అందులో వాసన ఎంతున్నా పొగే ఎక్కువ. పడుకునే ముందు మూసిన గదిలో పొగ పెట్టుకుని నిద్ర కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు.

టీకీ, దిండులో పెట్టుకునే సంచికీ ఎండు పువ్వులు వేరే కొనాలి. తినే రకం అని స్పష్టంగా రాసి ఉన్న పొట్లమే తీసుకోండి. అలంకరణకు అమ్మే పువ్వులకు రంగూ సెంటూ పట్టించి ఉండవచ్చు. మంచి పువ్వును గుర్తుపట్టడం తేలికే. ఒక మొగ్గను వేళ్ల మధ్య పెట్టి చూడండి. లావెండర్‌లో నూనె ఉండేది రేకల్లో కాదు, రేకలను పట్టుకుని ఉండే చిన్న ఊదారంగు గిన్నె లాంటి భాగంలో. భూతద్దంతో చూస్తే ఆ గిన్నె గీతల మధ్య మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవే నూనె తిత్తులు. బొటనవేలితో నలిపితే అవి చిట్లి వేలు కాస్త జిగురవుతుంది, వాసన చాలాసేపు ఉంటుంది. నలిపినా గడ్డి వాసన తప్ప ఏమీ రాకపోతే అది పాత సరుకు.

మూడో మెట్టు: ఎవరు వాడకూడదో చూసుకోవడం

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఏ ఘాటు వాసనైనా ఆయాసం తెప్పించవచ్చు. డాక్టరును అడగకుండా డిఫ్యూజర్, అంటే నూనె వాసనను గదిలోకి వదిలే పరికరం, పెట్టకండి. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు కూడా అడిగే వాడాలి. రెండేళ్లలోపు పిల్లలు పడుకునే గదిలో వద్దు. 12 ఏళ్లలోపు వాళ్లకు టీ వద్దు. 2007లో అమెరికాలో ముగ్గురు మగపిల్లలకు ఛాతీ పెరగడానికి లావెండర్, టీ ట్రీ నూనెలున్న సబ్బులూ క్రీములూ కారణం కావచ్చని ఒక నివేదిక వచ్చింది. తర్వాత జరిగిన అధ్యయనాలు దీని మీద ఒకే మాట చెప్పలేదు. అయినా పిల్లల ఒంటికి రోజూ రాయాల్సిన అవసరమేముంది?

నిద్రమాత్రలు, ఆందోళనకు మాత్రలు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు లావెండర్ టీ మగతను పెంచవచ్చు. మద్యంతో కలపనే కూడదు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేసి, వాడిన సంగతి మత్తు డాక్టరుకు చెప్పండి. ఇంట్లో పిల్లి ఉంటే డిఫ్యూజర్ మానుకోవాలి. ఇలాంటి నూనెలను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ.

ఇక ఒంటికి రాసే నూనె ఏదైనా ముందు మోచేయి మడత లోపలివైపు ఒక చుక్క రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు, దద్దుర్లు వస్తే అది మీకు పడదు.

నాలుగో మెట్టు: దూదితో మొదలుపెట్టడం

అన్ని పద్ధతుల్లోకీ నాకు ఇదే ఇష్టం. ఖర్చు లేదు, కరెంటుతో పని లేదు, మోతాదు మీ చేతిలో ఉంటుంది.

చిన్న దూది ఉండ మీద ఒక్క చుక్క వేయండి. ఒకటే. దాన్ని చిన్న గిన్నెలో పెట్టి తలకు మూరెడు దూరంలో బల్ల మీద ఉంచండి. దిండు మీద నేరుగా చుక్క వేయకండి. రాత్రంతా చెంపకు తగిలి చర్మం మండవచ్చు. గిన్నె పెట్టాక లైటు తగ్గించి, వెల్లకిలా పడుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. నిజం చెప్పాలంటే ఇందులో సగం పని ఈ ఊపిరిదే. లావెండర్ వాసనకూ ఈ నెమ్మదికీ ఒక జత కుదరాలి. కొన్నాళ్లకు వాసన తగలగానే ఒళ్లు తనంతట తాను వదులవడం మొదలవుతుంది. అందుకే ఈ వాసనను పగటిపూట కారులోనో ఆఫీసు బల్ల మీదో వాడకూడదు. పడక వేళకే దాచిపెట్టుకోవాలి.

పావుగంట, ఇరవై నిమిషాలయ్యేసరికి వాసన తెలియకుండా పోతుంది. నూనె అయిపోయిందని ఇంకో రెండు చుక్కలు వేస్తారు చాలామంది. అయిపోలేదు, ముక్కు అలవాటు పడిందంతే. బయటికెళ్లి వస్తే మళ్లీ తెలుస్తుంది. గదిలోకి అడుగుపెట్టిన ఇంకొకరు "అబ్బా, ఏంటీ వాసన" అన్నారంటే మోతాదు ఎక్కువైనట్టే. తలనొప్పి, వికారం వచ్చేది అలాంటప్పుడే.

డిఫ్యూజరే కావాలనుకుంటే, 100 మిల్లీలీటర్ల నీళ్లకు మూడు చుక్కలు. పడుకునే అరగంట ముందు పెట్టి, లైటు ఆర్పేటప్పుడు దాన్నీ ఆపేయండి. ఏసీ గదిలో తలుపులన్నీ బిగించి రాత్రంతా నడపడం మంచిది కాదు. రెండు మూడు రోజులకోసారి కడగకపోతే అడుగున పాకుడు పడుతుంది. దోమల కాయిల్ వెలిగించే గదిలో ఈ రెండూ కలిసి తల పట్టేస్తాయి. అక్కడ దోమతెర కట్టుకుని దూది పెట్టుకోవడమే మేలు.

ఐదో మెట్టు: దిండు సంచి

పల్చటి నూలు గుడ్డతో అరచేతి సగమంత సంచి కుట్టి, అందులో రెండు మూడు చెంచాల ఎండు పువ్వులు వేసి మూతి బిగించండి. దిండు గలీబు లోపల ఒక మూలకు తోసి పెట్టండి. పడుకునే ముందు ఒకసారి వేళ్లతో నలిపితే చాలు. విజయవాడ, విశాఖ వంటి ఉక్కపోత ఊళ్లలో వానాకాలం వస్తే పువ్వులు చెమ్మ పట్టి బూజు వాసన వేస్తాయి. పగలు సంచిని గాలి చొరని డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేసి దాచండి. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, ఉన్న నూనె కాస్తా ఎగిరిపోతుంది.

ఆరో మెట్టు: లావెండర్ టీ

ఒక కప్పు, అంటే 150 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లనిచ్చి స్టవ్ ఆపేయండి. ఒక టీస్పూన్ ఎండు పువ్వులు వేసి వెంటనే మూత పెట్టండి. మూత ముఖ్యం. ఆవిరితో పాటు పోయేది మనకు కావాల్సిన నూనే. ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి వడగట్టండి. మూత తీసినప్పుడు దాని లోపలివైపు పట్టిన నీటిబొట్లను కప్పులోకే జార్చండి, వాసన అందులో బాగా ఉంటుంది. రంగు లేత గడ్డి రంగులో ఉంటుంది, ఊదాగా ఉండదు. ఊదా రంగు దిగిందంటే పువ్వులకు రంగు వేశారేమో అనుమానించాలి.

మన అలవాటు ప్రకారం పువ్వుల్ని నీళ్లలో వేసి మరగబెడితే చేదెక్కుతుంది, తాగలేరు. పాలు కలిపితే సబ్బు నీళ్ల రుచి వస్తుంది. కావాలంటే చెంచాడు తేనె, లేదంటే చామంతి టీకి వాడే కామోమైల్ పువ్వులు కొన్ని కలుపుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు తేనె కూడా చక్కెరే. పడుకునే గంట ముందు తాగండి. పక్క ఎక్కే ముందు తాగితే లావెండర్ ఇచ్చిన నిద్రను నడిరాత్రి బాత్రూమ్ ఎత్తుకుపోతుంది. తాగాక బండి నడపకండి.

ఒక గట్టి హెచ్చరిక. టీలో నూనె చుక్క వేయకూడదు. పాలల్లో వేయకూడదు, నాలుక కింద వేయకూడదు. జర్మన్ క్యాప్సూల్ తూచి, శుద్ధి చేసి, పరీక్షించిన మందు. మన చేతిలోని సీసా అది కాదు. అణు తైలంలా దీన్ని ముక్కులో వేసుకునే ఆలోచన అసలే వద్దు. ముక్కు పొరలు మండటమే కాదు, నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు.

ఏడో మెట్టు: అరికాళ్లకు, మెడకు నూనె

పడుకునే ముందు అరికాళ్లకు నూనె రాసుకోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. దానికి లావెండర్ చేర్చడం చాలా సులువు. 30 మిల్లీలీటర్ల నూనెకు ఆరు చుక్కలు. అంటే ఇంచుమించు 1 శాతం. ఒక్కసారికే కలుపుకోవాలంటే టీస్పూన్ నూనెకు ఒక చుక్క. అంతకు మించనక్కర్లేదు.

ఏ నూనె అన్నది ముఖ్యం. గానుగ నువ్వుల నూనె ఒంటికి మంచిదే కానీ దాని వాసన ముందు లావెండర్ నిలబడదు. వాసన తక్కువుండే కొబ్బరి నూనెలోనో బాదం నూనెలోనో కలపండి. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడితే సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి, పొయ్యి మీద పెట్టకండి. బొటనవేలితో అరికాలి మధ్య నుంచి మడమ దాకా నెమ్మదిగా ఒత్తుతూ ఒక్కో పాదానికి రెండు మూడు నిమిషాలు రాయండి. తర్వాత మెడ వెనక, భుజాలు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు భుజాల దగ్గరే ఎక్కువ బిగుసుకుంటుంది. నేల మీద అడుగు పెట్టేముందు సాక్సు వేసుకోండి, టైల్స్ మీద జారతారు.

వేరే నూనెలో కలపని లావెండర్ నూనెను నేరుగా చర్మానికి రాయవచ్చని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. లావెండర్ మృదువైనదే, కానీ రోజూ అలా రాస్తే ఎలర్జీ పుట్టే అవకాశం పెరుగుతుంది. ఒకసారి పుట్టిన ఎలర్జీ చాలావరకు మళ్లీ పోదు.

ఎనిమిదో మెట్టు: వేన్నీళ్ల స్నానం

రాత్రి వేన్నీళ్ల స్నానం నిద్రకు సాయం చేస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి 2019లో తేల్చింది ఇది: 40 నుంచి 42.5 డిగ్రీల వేడి నీళ్లతో, పడుకునే గంట, రెండు గంటల ముందు స్నానం చేసినవాళ్లకు సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. వేన్నీళ్లకు చేతులకూ కాళ్లకూ రక్తం చేరి, తర్వాత ఒంటి లోపలి వేడి దిగుతుంది. ఆ దిగడమే నిద్రకు పిలుపు.

లావెండర్ కలపాలంటే రెండు చుక్కల్ని ముందుగా చెంచాడు షాంపూలోనో లిక్విడ్ సబ్బులోనో కలిపి, తర్వాత బకెట్‌లో వేయండి. నేరుగా నీళ్లలో వేస్తే నూనె పైన తేలి చెంబుతో మొదట పోసుకున్నప్పుడే చర్మానికీ కళ్లకూ తగులుతుంది. ఉప్పులో కలిపి వేయమంటారు కొందరు. ఉప్పు కరుగుతుంది, నూనె మళ్లీ తేలుతుంది. స్నానానికి ఓపిక లేకపోతే అదే నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టుకుని కూర్చోండి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు వేడిని చేత్తో కాదు, థర్మామీటర్‌తోనో ఇంకొకరితోనో చూపించుకోవాలి.

వీటిని ఒక వేళకు కట్టడం

ఇవన్నీ ఒకే రాత్రి చేయకండి. స్నానం, టీ, డిఫ్యూజర్, నూనె, సంచి అన్నీ పెట్టుకుంటే ఏది పనిచేసిందో తెలియదు, పైగా నిద్రే పెద్ద పనైపోతుంది. పీల్చేది ఒకటి, దాంతో పాటు టీనో అరికాళ్ల నూనెనో ఇంకొకటి, చాలు.

పదిన్నరకు పడుకోవాలనుకుందాం. తొమ్మిదింటికి స్నానం, తొమ్మిదిన్నరకు టీ. పదింటికి ఫోను పక్క గదిలో ఛార్జింగ్ పెట్టేయాలి. అలారం కోసం ఫోనే కావాలంటే వంద రూపాయల గడియారం కొనుక్కోండి. పదీ పదికి అరికాళ్లకు నూనె. పదింబావుకు దూది, ఊపిరి, లైటు. సెలవు రోజున కూడా ఇదే వేళ. సాయంత్రం ఏడింటికి ఇరానీ చాయ్ తాగి, పదింటికి లావెండర్ పీల్చడం దండగ. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటలు పడుతుంది.

గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసి తెల్లారి ఏడింటికి ఇంటికొచ్చేవాళ్లకు, ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీ నర్సులకు కూడా ఇదే వరస, వేళలు మారతాయంతే. వాళ్లకు లావెండర్ కంటే ముందు కావాల్సింది వెలుతురు చొరని మందపాటి కర్టెన్. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. పక్క మీదే దొర్లుతూ ఉంటే మెదడు లావెండర్ వాసనను దొర్లడంతో ముడిపెట్టుకుంటుంది.

రెండు వారాలు ఇలా చేస్తూ పొద్దున్నే ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఇంచుమించు ఎంతసేపటికి నిద్ర పట్టింది, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. రాత్రిపూట గడియారం చూడకండి, అంచనా చాలు. రెండు వారాలకు తేడా లేకపోతే మోతాదు పెంచకండి, మానేయండి. వాసనే నచ్చని వాళ్లయితే రెండు వారాలు కూడా అనవసరం. నచ్చని వాసనతో ఎవరికీ నిద్ర రాదు.

నిల్వ గురించి రెండు మాటలు

గాలి తగిలేకొద్దీ లినలూల్ పాడై చర్మానికి ఎలర్జీ కలిగించే పదార్థంగా మారుతుంది. కాబట్టి వాడిన వెంటనే మూత బిగించాలి. కిటికీ పక్కన, బాత్రూమ్‌లో, దేవుడి దీపం దగ్గర సీసా పెట్టకండి. మన వేసవికి ఫ్రిజ్ తలుపు మంచి చోటు, అయితే పిల్లలకు అందకూడదు. తెరిచిన తేదీ సీసా మీద రాసి, రెండేళ్లు దాటినా, వాసన పుల్లగా మారినా ఒంటికి వాడటం మానేయండి. పిల్లలు పొరపాటున తాగేస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, సీసాను కూడా వెంట తీసుకెళ్లండి.

కుండీలో మొక్క పెంచుకుందామని అడిగేవాళ్లు చాలామంది. అసలు లావెండర్‌కు చలి, పొడి గాలి, నీరు నిలవని నేల కావాలి. మన మైదానాల్లో మొదటి వానాకాలానికే వేరు కుళ్లుతుంది. నర్సరీల్లో ఇచ్చేది ఎక్కువగా రంపపు అంచు ఆకుల డెంటాటా రకం. చూడ్డానికి బాగుంటుంది, టీకి మాత్రం పనికిరాదు.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర సరిగ్గా లేకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదటి చికిత్స మాత్రా కాదు, మూలికా కాదు. సీబీటీ-ఐ అనే పద్ధతిలో నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేస్తారు. సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు చేస్తారు. గట్టి గురకతో పాటు పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించాలి. రాత్రి పడుకోగానే కాళ్లు లాగుతూ కదపకుండా ఉండలేకపోతే రక్తంలో ఇనుము చూపించుకోండి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, దేనిమీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఆల్ప్రజోలం వంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు లావెండర్ దొరికింది కదా అని వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే నిద్ర మరింత చెడటమే కాదు, మూర్ఛ కూడా రావచ్చు. తగ్గించాలంటే రాసిచ్చిన డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఆ వారాల్లో లావెండర్ టీ తాగాలని ఉంటే ఆ సంగతీ ఆయనకు చెప్పండి. దూది గిన్నె మాత్రం బల్ల మీద ఉంచుకోవచ్చు.